కొత్త బ్రిడ్జికి పైసలుంటయి, పాత బ్రిడ్జికి ఉండయి: రాబర్ట్ మోజెస్ ముచ్చట

రాబర్ట్ మోజెస్ అని ఒకాయన ఉండె. న్యూయార్క్ పట్నంల మీరు సినిమాలల్ల, యూట్యూబ్‌ల జూసే పెద్ద పెద్ద వేలాడే బ్రిడ్జిలు, ఆరు లైన్ల రోడ్లు, సముద్రం ఒడ్డు పార్కులు ఉంటయి గదా, అండ్ల శానా మటుకు ఆయన కట్టించినయే. 1924 సంది 1968 దాక, అంటె నలభై నాలుగేండ్లు, ఏదో ఒక కుర్చీల కూసోనే ఉన్నడు. ఒక టైముల పన్నెండు పదవులు ఒక్కడే జూసుకున్నడు. గని ఆయనకు ఓట్లేసి గెలిపిచ్చినోళ్లు ఎవ్వరు లేరు. 1934ల గవర్నర్ పదవికి ఒక్కపారి నిలవడి చిత్తుగ ఓడిపోయిండు. మేయర్లు మారిండ్రు, గవర్నర్లు మారిండ్రు, ఆయన మాత్రం ఆడనే ఉన్నడు. ఇంకో సంగతి, ఇన్ని వందల మైళ్ల రోడ్లేసిన మనిషికి కారు నడుపరాదు. చివరిదాక నేర్చుకోలే. వెనక సీట్ల కూసొని ఫైళ్లు జూసుకుంట తిరిగెటోడు.

అమెరికా మనిషి ముచ్చట మనకెందుకంటరా? నేను డిప్లొమా సివిల్ చదివి మూడేండ్లు రోడ్డు పనుల మీద సైటు సూపర్‌వైజరుగ తిరిగిన. కొత్త రోడ్డు పని అంటె ఊరంత పండుగ. టెంటు ఏస్తరు, కొబ్బరికాయ కొడ్తరు, శిలాఫలకం మీద పేర్లు చెక్కిస్తరు. గదే రోడ్డుకు నాలుగేండ్లకు గుంత పడితె రెండు ట్రాక్టర్ల కంకర, ఒక డ్రమ్ము తారు కొననీకి పైసలుండయి. పెద్దసార్లను అడిగితె హెడ్డు వేరు అంటరు. కొత్త పని హెడ్డు వేరు, మరమ్మతు హెడ్డు వేరు, ఒకదాంట్లయి ఇంకోదాంట్ల వాడరాదు. గింత చిన్న మాట వెనక ఎంత కథ ఉన్నదో మోజెస్ జీవితం చదివినంకనే నాకు సమజైంది. రాబర్ట్ కారో అనే జర్నలిస్టు 1974ల ‘ది పవర్ బ్రోకర్’ అని ఆయన మీద వెయ్యి పేజీలు దాటిన పుస్తకం రాసిండు. మరుసటేడు దానికి పులిట్జర్ బహుమతి వచ్చింది. అంత లావు పుస్తకం మీరందరు ఎట్లాగు చదువరు గనుక, ఆయన బతుకుల పైసల సంగతి మటుకు ఈడ చెప్త.

1888 డిసెంబరుల న్యూ హేవెన్ అనే ఊర్లె పుట్టిండు. ఉన్నోళ్ల కుటుంబం, జర్మనీ మూలాలున్న యూదులు. చిన్నగున్నప్పుడే ఇల్లు న్యూయార్క్‌కు మారింది. యేల్‌ల, ఆక్స్‌ఫర్డ్‌ల చదివిండు, 1914ల కొలంబియా యూనివర్సిటీల డాక్టరేటు తీసుకున్నడు. సదువు అయినంక పెద్ద సంస్కర్త లెక్క బయలెల్లిండు. అప్పట్ల న్యూయార్క్‌ల సర్కారు కొలువంటె పార్టీ మనిషికే. మోజెస్ ఏమో ప్రతి ఉద్యోగి పనికి మార్కులెయ్యాలె, మార్కులను బట్టే జీతం పెంచాలె అని పెద్ద లెక్క తయారుచేసిండు. పార్టోళ్లు దాన్ని చెత్తబుట్టల ఏసిండ్రు, మేయర్ మారంగనే ఈయన కొలువు పోయింది. ముప్పై ఏండ్లొచ్చినయి, పెండ్లయింది, చేతుల పని లేదు.

అప్పుడు దొరికిండు ఆల్ స్మిత్. ఎనిమిదో తరగతి గూడ పూర్తి చెయ్యని మనిషి, చేపల మార్కెట్ల పనిచేసి గవర్నర్ దాక ఎక్కినోడు. ఈయనకు సదువు మస్తు, తెలివి మస్తు, లోకం తెల్వది. ఆయనకు లోకం తెలుసు. ఆయన పక్కపొంటి తిరిగి మోజెస్ ఒక విద్య నేర్చుకున్నడు, చట్టం రాసుడు. బిల్లుల ఏడనో మూలకు ఒక మామూలు మాట పెడ్తడు, అందరు చేతులెత్తి పాస్ జేస్తరు, రెండేండ్లకు ఆ మాటకున్న అసలు అర్థం బయట పడ్తది. 1924ల లాంగ్ ఐలాండ్ పార్కుల కమిషన్‌కు పెద్దగ కూసున్నడు. గా కమిషన్ చట్టం రాసింది గూడ ఆయన్నే. 1929ల జోన్స్ బీచ్ తెరిచిండు. ఇప్పటికి గూడ అది మంచి బీచే, అబద్ధమాడొద్దు. గని ఆడికి పొయ్యే పార్క్‌వే రోడ్ల మీద బస్సులకు పర్మిషన్ లేదు, పైన అడ్డంగ కట్టిన వంతెనలు గూడ తక్కువ ఎత్తు. కారు లేని పేదోళ్లు, నల్లజాతోళ్లు రావద్దనే గట్ల కట్టిండని కారో రాసిండు. కావాలని చేసిండా, కాదా అని పండితులు ఇప్పటికి కొట్లాడుకుంటనే ఉన్నరు. ఎందుకు చేసినా బస్సు మాత్రం పోదు.

1934ల మేయర్ లా గార్డియా ఆయనను పట్నం పార్కుల కమిషనర్ చేసిండు. 1936 ఎండకాలం ఒక్కదాంట్లనే పదకొండు పెద్ద ఈతకొలనులు తెరిచిండు. కరువు రోజులు, పని లేక జనం అల్లాడుతున్న రోజులవి. జనం మోజెస్‌ను దేవుని లెక్క జూసిండ్రు.

ఇగ టోలు పెట్టె కాడికొద్దాం.

ట్రైబరో బ్రిడ్జి అని ఉన్నది. పేరుకు ఒక్కటే గని మన్‌హాటన్, క్వీన్స్, బ్రాంక్స్ అనే మూడు భాగాలను కలిపే బ్రిడ్జిల గుత్తి అది. 1929 అక్టోబరుల పని షురువు చేసిండ్రు, సరిగ్గ షేర్ మార్కెట్ కుప్పకూలిన వారంల. పట్నం కాడ పైసలు ఒడిసినయి, పని ఆడికాడికే ఆగింది. 1933ల దానికోసమని ఒక అథారిటీ పెట్టిండ్రు, వాషింగ్టన్ నుంచి అప్పు, గ్రాంటు కలిసి 4 కోట్ల 40 లక్షల డాలర్లు వచ్చినయి. మరుసటేడు మోజెస్ అండ్ల జొచ్చిండు. 1936 జులై 11న బ్రిడ్జి తెరిచిండ్రు. కారుకు పావు డాలరు టోలు.

అథారిటీ అంటె అప్పటిదాక లెక్క సాఫ్ ఉండె. బాండ్లమ్మి అప్పు తేవాలె, బ్రిడ్జి కట్టాలె, టోలు వసూలు జేసి అప్పు తీర్చాలె. తీరినంక టోలు బంద్, అథారిటీ దుకాణం బంద్, బ్రిడ్జి పట్నానికి అప్పజెప్పాలె. ట్రైబరో మీద కార్లు అనుకున్నదానికంటె ఎక్కువ వచ్చినయి, పైసలు కుప్ప పడ్డయి. అప్పు జల్ది తీరేటట్టున్నది. మోజెస్‌కు భయమైంది, అప్పు తీరితె ఆయన కుర్చీ గూడ పోతది గదా! అందుకే చట్టం మళ్ల రాయించిండు. పాత బాండ్లు తీర్చనీకి కొత్త బాండ్లు అమ్మొచ్చు, కొత్త బాండ్ల పైసలతోని కొత్త పనులు గూడ చెయ్యొచ్చు. మనకాడ బ్యాంకుల పంట అప్పు తిరగరాస్తరు సూడుండ్రి, గట్లనే. కాకుంటె మన రైతు తిరగరాసుకునేది కట్టలేక, ఈయన తిరగరాసింది కట్టగలిగి గూడ. అప్పు ఎన్నడు తీరొద్దు, అథారిటీ ఎన్నడు మూతపడొద్దు, టోలు ఎన్నడు ఆగొద్దు.

ఇంకో తాళం గూడ ఏసిండు. తనకు కావలసిన అధికారాలన్ని బాండ్లు కొన్నోళ్లతోని రాసుకున్న ఒప్పందంల ఎక్కిచ్చిండు. అమెరికా రాజ్యాంగం ప్రకారం ఏ రాష్ట్రం గూడ కుదిరిన ఒప్పందాన్ని చెడగొట్టే చట్టం చెయ్యరాదు. అంటె శాసనసభ చేసిన చట్టాన్ని శాసనసభ మార్చగలదు గని, అదే మాట బాండ్ల ఒప్పందంలకు ఎక్కితె చెయ్యి పెట్టలేదు. ట్రైబరో బ్రిడ్జి కింద రాండల్స్ ఐలాండ్‌ల సొంత ఆఫీసు, సొంత పోలీసులు, సొంత జెండా. న్యూయార్క్ పట్నం నడిమధ్యల పట్నం మాట ఇనని ఇంకో రాజ్యం.

మన హైదరాబాదు ఔటర్ రింగు రోడ్డు ముచ్చట యాదికొస్తున్నదా? 158 కిలోమీటర్లు. 2023ల ముప్పై ఏండ్లకు టోలు హక్కు 7,380 కోట్లకు ఒక కంపెనీకి ఇచ్చిండ్రు. మంచిదా చెడ్డదా అని అసెంబ్లీల, టీవీలల్ల మస్తు లొల్లి అయింది. ఎవరు ఎంతకు కొన్నరన్నదాని మీదనే లొల్లంత. నేనడిగేది వేరే. ఆ ముప్పై ఏండ్ల టోలు ఒక్కపారే చేతికొచ్చినప్పుడు, అండ్ల పాత రోడ్ల మరమ్మతుకు ఇన్ని అని రాసిపెట్టిండ్రా, లేదా? మోజెస్ కథల మొత్తం ముడి ఈడనే ఉన్నది.

ఎందుకంటె ఆయన బ్రిడ్జిల పక్కనే వేరే బ్రిడ్జిలున్నయి. ఈస్ట్ రివర్ మీద బ్రూక్లిన్ బ్రిడ్జి 1883ల, విలియమ్స్‌బర్గ్ బ్రిడ్జి 1903ల, క్వీన్స్‌బరో, మన్‌హాటన్ బ్రిడ్జిలు 1909ల కట్టిండ్రు. మొదట్ల వాటికి టోలుండె. 1911ల మేయర్ గేనర్ ఎత్తేసిండు. జనం సంబురపడ్డరు, పడరా మరి. అప్పటి సంది వాటి రంగు, నట్లు, తీగలు అన్నిటి ఖర్చు పట్నం బడ్జెట్‌ల నుంచే. పట్నం బడ్జెట్‌ల బడి పంతుళ్ల జీతాలుంటయి, దవాఖానలుంటయి, పోలీసులుంటరు, చెత్త బండ్లుంటయి. పైసలు కటకటైన ఏడు దేన్ని కోస్తరు? పంతులు జీతం కోస్తె పంతులు రోడ్డెక్కుతడు. చెత్త తియ్యకుంటె రెండు రోజులకే కంపు. బ్రిడ్జికి రంగెయ్యకుంటె ఏమైతది? ఏం కాదు. ఆ ఏడు ఏం కాదు, మరుసటేడు గూడ ఏం కాదు. ఇరవై ఏండ్లకు తుప్పు లోపలికి పోతది, అప్పటికి ఆ మేయర్ ఉండడు.

భూమి కింద రైలు సంగతి గూడ గంతే. 1904ల మొదలైనప్పుడు సబ్‌వే టికెట్ అయిదు సెంట్లు. 1948 దాక గదే అయిదు సెంట్లు! నలభై నాలుగేండ్లు ఏ నాయకుడు గూడ టికెట్ పెంచే ధైర్యం చెయ్యలే. నడుమల రెండు యుద్ధాలొచ్చినయి, ఉక్కు ధర, కూలీ ధర ఎక్కడికో పోయినయి. ప్రైవేటు కంపెనీలు చేతులెత్తేస్తె 1940ల పట్నమే కొనుక్కున్నది. టికెట్ పైసలు జీతాలకే సాలకపాయె, పట్టాలు, సిగ్నళ్లు మార్చుడు రేపు మాపు అని వాయిదా పడుకుంట వచ్చింది. నదికి ఇటు దిక్కు టోలు పెట్టె నిండి పొర్లుతున్నది, అటు దిక్కు రైలు డబ్బాలు ఖరాబైతున్నయి. రెండు ఒక్క పట్నానివే, రెండిట్ల తిరిగేది ఒక్క జనమే. నడుమల మోజెస్ ఏసిన తాళం.

ఈడ నాకు కొంచెం ఆశ్చర్యమైన సంగతి చెప్త. మోజెస్ అంటె కొత్తయి కట్టుడే తప్ప పాతయి పట్టించుకోలేదని అందరనుకుంటరు. పచ్చి అబద్ధం. ఆయన అథారిటీ బ్రిడ్జిలు ఎప్పుడు జూసినా తళతళ మెరిసేటివి. కారణం మంచితనం గాదు, బాండ్ల ఒప్పందం. బ్రిడ్జి ఖరాబైతె కార్లు రావు, కార్లు రాకుంటె టోలు రాదు, టోలు రాకుంటె మా అప్పు ఎవరు తీరుస్తరని బాండ్లు కొన్నోళ్లు షరతు పెట్టిండ్రు. టోలుల నుంచి ముందుగాల మెయింటెనెన్సు తియ్యాలె, తర్వాత వడ్డీ, అసలు, మిగిలినయి కొత్త పనులకు. ఒకే పట్నం, ఒకే నది, ఒకే ఉప్పుగాలి. ఒప్పందమున్న బ్రిడ్జి బతికింది, ఏటేట మేయర్ దయ మీద ఆధారపడ్డ బ్రిడ్జి తుప్పు పట్టింది.

మన ఊర్లల్ల గూడ దీనికి సాక్ష్యమున్నది. ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన రోడ్డుకు టెండర్‌ల అయిదేండ్ల నిర్వహణ గూడ కలిపే ఉంటది. మీ ఊరి బోర్డు మీద రాసుంటది, పోయి సదువుండ్రి. ఆ అయిదేండ్లు కాంట్రాక్టరును పట్టుకొని అడగొచ్చు. నేను సైటు మీద ఉన్నప్పుడు ఒక పెద్దాయన ఆ బోర్డు ఫొటో ఫోన్‌ల పెట్టుకొని ఆఫీసుకొచ్చెటోడు, ఆయన రోడ్డు గుంతలు మాత్రం టైముకు పూడెటివి. అయిదేండ్లు దాటినంక ఆ రోడ్డు రాష్ట్రం నెత్తి మీదికొస్తది, అప్పటి నుంచి మళ్ల హెడ్డు వేరు.

అయితె మరమ్మతుకు పైసలిస్తె అంత మంచే జరుగుతదని గాదు. 1951ల న్యూయార్క్ జనం ఓట్లేసి 50 కోట్ల డాలర్ల బాండ్లకు ఒప్పుకున్నరు. సెకండ్ ఎవెన్యూ కింద కొత్త సబ్‌వే లైను వస్తదని చెప్పిండ్రు. పైసలొచ్చినయి, లైను రాలే. అప్పటికే పాత లైన్ల హాలు అధ్వానమై ఉన్నది, ఆ పైసలన్ని పాతదాని రిపేర్లే మింగినయి. కొత్త దాని పేరు మీద అప్పుదెచ్చి పాతదానికి పెట్టిండ్రని జనం మండిపడ్డరు. పాతదానికి అని చెప్పి అడిగి ఉంటె ఓట్లు పడేటివా? నాకైతె నమ్మకం లేదు. ఆ సెకండ్ ఎవెన్యూ లైన్ల మొదటి ముక్క ఎప్పుడు తెరిచిండ్రో తెలుసా? 2017 జనవరి 1న. మూడు కొత్త స్టేషన్లు, ఖర్చు సుమారు 450 కోట్ల డాలర్లు. 1951ల ఓటేసినోళ్లల్ల శానామంది అప్పటికి లేరు.

1956ల వాషింగ్టన్ సర్కారు దేశమంత పెద్ద హైవేలెయ్యాలని చట్టం తెచ్చింది. కొత్త హైవే ఖర్చుల నూటికి తొంభై మేమిస్తం, పది మీరు పెట్టుకోండ్రి అన్నది. ఇనబుద్ధయితది. గని కట్టినంక దాని మరమ్మతు మొత్తం రాష్ట్రాల మీదనే, ఆ తొంభైల నుంచి గుంతకు ఒక్క పైస రాదు. మీరే మేయర్ అనుకోండ్రి. పాత రోడ్డు బాగుచేస్తె డాలరుకు డాలరు మీ జేబుల నుంచి. పాతదాన్ని ఖరాబు కానిచ్చి కొత్తది కడితె డాలరుకు పది సెంట్లు. ఏం జేస్తరు? ఇండ్ల మేయర్ చెడ్డోడు కానక్కర లేదు, లెక్కలొస్తె సాలు.

మోజెస్‌కు లెక్కలొచ్చు. చట్టం రాకముందే తన నక్షలు రెడీ పెట్టుకున్నడు. తొంభై శాతం పైసలతోని హైవేలు, తన బాండ్లతోని బ్రిడ్జిలు. 1961ల త్రాగ్స్ నెక్ బ్రిడ్జి, 1964ల వెర్రజానో. ఈ వెర్రజానో బ్రిడ్జి నడుమ దూరం 4,260 అడుగులు, పదిహేడేండ్లు ప్రపంచంలనే పొడుగైన వేలాడే బ్రిడ్జిగ నిలిచింది, ఖర్చు 32 కోట్ల డాలర్లు. రైలు పట్టాలకు జాగ లేదు. కాలినడకకు దారి గూడ లేదు. అవతల స్టేటెన్ ఐలాండ్‌కు ఇప్పటికి సబ్‌వే లేదు. న్యూజెర్సీల ఉండే మన తెలుగోళ్లు బ్రూక్లిన్‌కు చుట్టాల ఇంటికి పోవాలన్నా ఆ బ్రిడ్జి టోలు కట్టే పోతరు. విమానాశ్రయానికి పోయే వాన్ విక్ ఎక్స్‌ప్రెస్‌వే గూడ గట్లనే, నడుమల రైలుకు జాగ వదులుమని ప్లానింగోళ్లు అడిగితె వదల్లే. అదే రోడ్డు నడుమ స్తంభాలు లేపి 2003ల రైలు తెచ్చిండ్రు, వెనుకట జాగ వదిలిపెట్టి ఉంటె ఎంత సులువయితుండె.

కట్టేటప్పుడు ఎవరి ఇండ్లు పోయినయో జూడాలె. బ్రాంక్స్‌ల క్రాస్ బ్రాంక్స్ ఎక్స్‌ప్రెస్‌వే 1948ల మొదలువెట్టి పదిహేనేండ్లు కట్టిండ్రు. అండ్ల ఈస్ట్ ట్రెమాంట్ అనే పేటల ఒక్క మైలుకు పదిహేను వందలకు పైగ కుటుంబాలు ఇండ్లు ఖాళీ చేసి పోయినయి. రెండు వీధులు పక్కకు జరిపితె శానా మటుకు ఇండ్లు మిగులుతయని పేటోళ్లు నక్ష పట్టుకొని తిరిగిండ్రు. మోజెస్ ఇనలే. ప్రాజెక్టు కింద ఊర్లు పోయిన జాగల మీరు పుట్టి ఉంటె ఈ ముచ్చట మీకు ఇడమర్చి చెప్పే పని లేదు. ఇంత జేసి కట్టిన రోడ్ల మీద ట్రాఫిక్ తగ్గిందా అంటె అదీ లేదు. ట్రైబరో తెరిచినా, దాని మీది మోత తగ్గాలని 1939ల వైట్‌స్టోన్ బ్రిడ్జి తెరిచినా, కొన్నాళ్లకే అన్ని మళ్ల నిండినయి.

ఆయన్ను దించింది జనం గాదు, ఇంకో పెద్ద మనిషి. గవర్నర్ నెల్సన్ రాక్‌ఫెల్లర్. మాటమాటకు రాజీనామా ఇస్త అని బెదిరిచ్చుడు మోజెస్‌కు అలవాటు. 1962ల గట్లనే రాజీనామా పారేస్తె రాక్‌ఫెల్లర్ తీసి జేబుల పెట్టుకున్నడు, పార్కుల పదవులు పోయినయి. టోలు పెట్టె మాత్రం ఇంక ఆయన కాడనే ఉన్నది. 1966ల మేయర్ లిండ్సే ఆ టోలు మిగులు సబ్‌వేకు మళ్లియ్యాలని బిల్లు తెస్తె రాష్ట్ర శాసనసభ తిప్పికొట్టింది. మల్ల రెండేండ్లకు, 1968 మార్చి 1న, రాక్‌ఫెల్లర్ ఆ అథారిటీని, సబ్‌వేను, లోకల్ రైళ్లను కలిపి ఎమ్‌టీఏ అనే ఒక్క సంస్థ కిందికి తెచ్చిండు. బాండ్ల ఒప్పందం తాళమో? బాండ్లు కొన్నోళ్ల తరఫున ట్రస్టీగ ఉన్నది చేజ్ మన్‌హాటన్ బ్యాంకు. దాని పెద్ద రాక్‌ఫెల్లర్ తమ్ముడే. అన్నదమ్ములు కూసొని మాట్లాడుకున్నరు, తాళం తెరుసుకున్నది. రాజ్యాంగం గూడ తెరువలేనిది ఇంట్లె ముచ్చటతోని తెరిసిండ్రు. మోజెస్‌కు సలహాదారు అని ఒక ఉత్త పేరు ఇచ్చి పక్కకు కూసోబెట్టిండ్రు. అప్పటికి ఆయనకు 79 ఏండ్లు.

తాళమైతె తీసిండ్రు గని అప్పటికే ఆలస్యమైంది. 1973 డిసెంబరు 15న మన్‌హాటన్ పడమటి అంచుకు, పిల్లర్ల మీద లేపిన వెస్ట్ సైడ్ హైవే ఒక్కపారి కుంగి కిందవడ్డది. ఒక లారీ, ఒక కారు పడ్డయి, ప్రాణాలు దక్కినయి. ఆ లారీల ఉన్నది ఏందనుకున్నరు? తారు. గదే హైవే మరమ్మతుకు తీసుకపోతున్న ముప్పై టన్నుల తారు. ఈ హైవే మోజెస్ అథారిటీది గాదు, టోలు లేని పట్నం రోడ్డు. రోడ్డు పనుల మీద తిరిగినోన్ని గనుక ఈ సంగతి సదివిన రోజు నాకు నిద్రపట్టలే.

కూలిన దాని జాగల ఏం కట్టాలన్నది ఇంకో పుష్కరం లొల్లి. వెస్ట్‌వే అని పేరు పెట్టి, నది అంచు పూడ్చి దాని లోపలికెల్లి కొత్త హైవే ఏస్తమన్నరు. మళ్ల గదే తొంభై శాతం ఢిల్లీ పైసల లెక్క, కాకుంటె వాషింగ్టన్ పైసలు. అయితె 1973లనే ఒక కొత్త చట్టం వచ్చి ఉండె. పట్నం హైవే వద్దనుకుంటె ఆ పైసలను బస్సులకు, రైళ్లకు మార్చుకోవచ్చు. కోర్టుల నదిల చేపల సంగతి అడ్డమొచ్చింది, జనం ఎదురు తిరిగిండ్రు. 1985ల హైవే ఆలోచన ఇడిసిపెట్టి శానా మటుకు పైసలు సబ్‌వేకు మళ్లిచ్చిండ్రు. హెడ్డు మారదు అనెటోళ్లకు నేను చెప్పే ఉదాహరణ ఇదే. చట్టంల ఒక్క వాక్యం రాస్తె మారుతది.

నడుమల 1975ల పట్నం దివాలా అంచుకొచ్చింది. మొదలు కోసింది దేన్నో మీకు ఇప్పటికి తెలిసిపోయి ఉంటది. 1981 జూన్‌ల బ్రూక్లిన్ బ్రిడ్జి మీద ఉక్కు తీగలు తెగి కింద నడుస్తున్న ఒక మనిషికి తగిలినయి, తర్వాత ఆయన చనిపోయిండు. నెల తిరిగేసరికి, జులై 29న, మోజెస్ చనిపోయిండు, 92 ఏండ్లకు. లంచం తిన్నడని ఆయన మీద రుజువైంది ఏమి లేదు, పెద్ద ఆస్తి గూడ మిగలలే. పైసల మీద ఆశ లేని మనిషి పైసల పెట్టె మీద అంతగనం కావలి కూసునుడు నాకు ఇప్పటికి వింతనే. 1982ల ఎమ్‌టీఏ అప్పుజేసి సబ్‌వే బాగుచేసే పెద్ద ప్లాను మొదలువెట్టింది. 1988ల విలియమ్స్‌బర్గ్ బ్రిడ్జి లోపలి తుప్పు జూసి ఇంజినీర్లు బెదిరి రెండు నెలలు మూసేసిండ్రు. రంగు డబ్బాల ఖర్చు మిగుల్చుకున్న నాలుగు బ్రిడ్జిల మీద తర్వాత వందల కోట్ల డాలర్లు కుమ్మరియ్యాల్సొచ్చింది.

ఇప్పుడు మోజెస్ బ్రిడ్జిల టోలుల నుంచి మిగిలినయి ఏటేట సబ్‌వేకు, బస్సులకు పోతున్నయి. 2025 జనవరి 5 సంది ఇంకోటి గూడ పెట్టిండ్రు. మన్‌హాటన్‌ల 60వ వీధికి కిందికి వచ్చే కారుకు రద్దీ టైముల 9 డాలర్లు. 1911 సంది ఉచితంగ ఉన్న బ్రూక్లిన్ బ్రిడ్జి మీదికెల్లి ఆ జాగలకు వచ్చినా కట్టాల్సిందే. ఆ రాబడి జూపెట్టి 1,500 కోట్ల డాలర్లు తేవాలని ప్లాను. అండ్లకెల్లే తొంభై ఏండ్ల నాటి పాత సిగ్నళ్లు మార్చాలె, అండ్లకెల్లే సెకండ్ ఎవెన్యూ లైను హార్లెమ్ దాక పొడిగియ్యాలె. పాతదానికి, కొత్తదానికి ఒక్కటే పెట్టె. కారు నడిపెటోళ్లు కోర్టుకు పొయ్యిండ్రు, 2025ల వాషింగ్టన్ సర్కారు రద్దు చెయ్యమన్నది, ఎమ్‌టీఏ మాత్రం వసూలు ఆపలే.